ఒక పోస్టు తీసేసే ముందు ఉద్దానం వెళ్లాను

సెలవులకు ఎక్కడికి వెళ్లారని అడిగిన వాళ్లకు పలాస, టెక్కలి అని చెబితే, "అక్కడ మీకెవరున్నారు?" అంటున్నారు. మొన్న మే నెల దాకా ఎవరూ లేరు. ఇప్పుడున్నారు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా గుత్తి. ఇరవై రెండేళ్లుగా ఢిల్లీలో ప్రభుత్వ ఉద్యోగం. మా సెక్షన్ చేసే పని బయట ఎవరికీ పెద్దగా తెలియదు. విదేశాల్లో ఉన్న మన రాయబార కార్యాలయాల్లో ఎంతమంది ఉండాలి, ఏ పోస్టు అవసరం, ఏది అనవసరం అని చూస్తుంటాం. రాయబారి గారి దగ్గర్నుంచి డ్రైవరు దాకా ప్రతి కుర్చీకీ మా బీరువాలో ఒక కాగితం ఉంటుంది. ఎక్కడో కొత్త ఆఫీసు తెరుస్తారు. దానికి కావలసిన మనుషుల్ని ఇంకోచోట తగ్గించాలి. ఎవర్ని తగ్గించాలో నోటు రాసేది నాలాంటి వాళ్లం.

ఈ ఏడాది గల్ఫ్‌లోని ఒక కార్యాలయంలో ఒక పోస్టు తగ్గించమన్నారు. రిజిస్టర్లు తెప్పించుకుని చూశాను. కార్మికుల విభాగంలో తెలుగు దుబాసీ క్లర్కు ఒకాయన ఉన్నారు. పేరు ప్రభుదాసు. మిగతా భాషల వాళ్లతో పోలిస్తే ఆయనకు వచ్చిన ఫోన్లు బాగా తక్కువ. "హిందీ క్లర్కుతో సరిపెట్టవచ్చు" అని నోటు రాసి సంతకం పెట్టాను. అది పైకి వెళ్లేలోపు ఒక ఉత్తరం వచ్చింది. రూళ్ల కాగితం మీద నాలుగు పేజీలు, సోంపేట దగ్గర జలంత్రకోట నుంచి దమయంతి అనే ఆవిడ రాసింది. ఆ తెలుగాయన్ని తీసేయొద్దని దాని సారాంశం.

"మీ భాషే కదా, అనువాదం చేసి పెట్టండి. ఆ క్లర్కే రాయించి ఉంటాడు" అన్నారు మా డైరెక్టరు గారు.

నాకూ అలాగే అనిపించింది. తీరా అనువాదానికి కూర్చుంటే చాలా మాటలు నాకే అర్థం కాలేదు. "సిలుగు" అన్న మాట దగ్గర పావుగంట ఆగిపోయాను. తెలుగు దుబాసీ అక్కర్లేదని రాసిన మనిషిని, నాకే ఒక దుబాసీ కావలసి వచ్చింది. సిగ్గేసింది. నోటును సవరించాలని చెప్పి డైరెక్టరు గారి దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నాను. ఫైల్లో కాగితాలు బయటికి పోకూడదు కాబట్టి చిరునామా మాత్రం చీటీ మీద రాసుకుని, నా సొంత సెలవు పెట్టి రైలెక్కాను. ఎందుకు వెళుతున్నానో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

పలాస

పొద్దున్నే స్టేషన్లో దిగి బయటికి వస్తే గాలిలో ఏదో కాల్చిన వాసన, కొంచెం ఘాటుగా, కొంచెం కమ్మగా. జీడిపిక్కలు అని తర్వాత తెలిసింది. రోడ్డు పక్క టిఫిన్ బండి దగ్గర నిలబడ్డాను.

"ఏటి గావాలమ్మా?" అంది బండి ఆవిడ.

"ఏమేమున్నాయి?"

"ఇడ్లీ, పూరీ, జీడిపప్పు ఉప్మా. ఉప్మా నలభై."

ఉప్మాలో జీడిపప్పు ఉందనడం కంటే జీడిపప్పులో కొంచెం ఉప్మా ఉందనాలి. గుత్తిలో మా అమ్మ పాయసంలో మనిషికి మూడు పలుకులు వచ్చేలా వేసేది. చుట్టాలొస్తే అయిదు. మేం ఉప్మాలో వేరుశనగ గింజలు వేసినంత ధారాళంగా ఇక్కడ జీడిపప్పు వేస్తారు. నేను గిన్నెలోకి తేరిపార చూస్తుంటే ఆవిడ, "బద్దలేనమ్మా, ఇరిగిపోయినవి. మంచివి ఢిల్లీలాటి ఊళ్లకే ఎల్తాయి" అని నవ్వింది.

పక్కనే జీడిపిక్కలు కొట్టే షెడ్డు. ఆడవాళ్లు వరసగా కూర్చుని చేతులకు నూనె రాసుకుని టకటకా పిక్కలు కొడుతున్నారు. గుమ్మం దగ్గర రాశిలోంచి ఒక పచ్చి పిక్క తీసి, తెలివి తక్కువగా, పంటితో కొరకబోయాను.

"ఓలమ్మ! కొరక్కమ్మా!" అని ఒకావిడ లేచి వచ్చి నా చేతిలోది లాగేసింది. అప్పటికే పెదవి చివర, రెండు వేళ్లకు తొక్కలోని జీడి రసం అంటుకుంది. మంట. ఆవిడ నా వేళ్లు పట్టుకుని కొబ్బరినూనె రాసి, "ఊరు కొత్తేటి? బొబ్బెక్కుద్ది, గోకీకండి" అని చెప్పి మళ్లీ పనిలో కూర్చుంది. పేరడుగుదామంటే వెనక్కి తిరిగి చూడలేదు. వారం రోజులు ఆ రెండు వేళ్ల మీద నల్లమచ్చలు ఉన్నాయి.

మందస మీదుగా

మందస బస్సులో ఒక ముసలావిడ కండక్టరును "మావా" అంది, కండక్టరు డ్రైవరును "బావా" అన్నాడు. వాళ్లంతా చుట్టాలేమో అనుకున్నాను. మా వైపు ముక్కూమొహం తెలియని వాళ్లను "అన్నా" అంటాం. ఇక్కడ వియ్యమందుతారు.

మందసలో పాత రాతి గుడి చూసి, జలంత్రకోటకు ఆటో మాట్లాడుకున్నాను. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే ఢిల్లీ అన్నాను. ఆటో అతను వెనక్కి తిరిగి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"నా పేరు ఢిల్లేశ్వర్రావండి! అందరూ డిల్లీసంటారు. మా ఊర్లో ఇంకో ముగ్గురున్నారు డిల్లీసులు."

"ఎప్పుడైనా ఢిల్లీ చూశావా?"

"మస్కట్ సూసినానండి. ఢిల్లీ సూళ్లేదు."

దారికి రెండు వైపులా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఈ తోటల సీమనే ఉద్దానం అంటారు. గుత్తి మనిషికి ఇంత పచ్చదనం చూస్తే కళ్లు చల్లబడతాయి. ఆ మాటే అన్నాను. అతను ఆటో నెమ్మది చేశాడు.

"ఇప్పుడిలాగున్నాయి గానండి, ఆమధ్య వచ్చిన పెద్ద తుఫానుకి ఒక్కపూటలో అన్నీ పడిపోనాయి. కొబ్బరిసెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు కావాల. అంతవరకూ కడుపు ఆగదు గదండీ. అందరూ ఎల్డింగు నేర్సుకుని పైదేశాలు ఎల్లిపోనారు. అక్కడేదైనా సిలుగొత్తే టెక్కలి అక్కకి ఫోన్ సేత్తాం."

చటుక్కున ముందుకు వంగాను. "సిలుగంటే ఏమిటి?"

"సిలుగంటే సిలుగేనండి." కాసేపు ఆలోచించాడు. "మనం సెయ్యకపోయినా మనకి తగులుకుంటాది సూడండి, ఒగ్గదు. అది."

అర్థమయింది. కానీ ఈ టెక్కలి అక్క ఎవరో అర్థం కాలేదు. అడిగితే, "అక్కే" అన్నాడు, అంతకంటే ఏం చెప్పాలో తెలియనట్టు.

జలంత్రకోట

దమయంతి నేననుకున్నంత పెద్దావిడ కాదు, ముప్పయ్యయిదు ఉంటాయేమో. తోటలో ఇల్లు. భర్త ధర్మారావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, నడుముకు బెల్టు కట్టుకుని. ఉత్తరం చూసి ఢిల్లీ నుంచి వచ్చానని చెప్పగానే ఆవిడ చేతిలో చీపురు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"నా ఉత్తరం సదివినారా? మొత్తం?"

"నాలుగు పేజీలూ చదివాను."

"అయితే ముట్టిందన్నమాట" అని భర్త వైపు తిరిగి, "సూసినావా? ముట్టదన్నావు" అంది.

జీడిమామిడి పండ్లు కోసి, ఉప్పూ కారం చల్లి పెట్టారు. తీపీ వగరూ కలిసి నోరంతా పట్టేసింది. నేను అడగవలసింది అడిగాను. "ఉత్తరం ఎవరైనా రాయించారామ్మా?"

ఆవిడ మొహం మారిపోయింది. "రాయించడమేటండి? పదో తరగతి సదివినాను. నానే రాసినాను. ఆ సీటు తీసేత్తన్నారని మావోళ్లు క్యాంపులోంచి ఫోన్ సేసి సెప్పినారు. తట్టుకోలేక రాసినాను."

తప్పుగా అడిగానని చెప్పాను. ఆవిడ మళ్లీ చీపురు అందుకుంది. మాట్లాడింది ధర్మారావు. వెల్డింగు పనిలో ఎత్తు మీద నుంచి పడ్డాడు. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. కంపెనీ వాళ్లు చేర్పించి వెళ్లిపోయారు. నర్సు ఒక భాష, డాక్టరు ఒక భాష.

"నాకు హిందీ అంతంతమాత్రం అండి. 'దర్ద్' అంటే ఒళ్లంతా అనుకునీవోరు. ఎక్కడ నొప్పో, ఎలాటి నొప్పో సెప్పుకోడానికీ బాస కావాల గదండీ. నడుము కాడ సలపరం, కాలుకి తిమ్మిరి. ఈ రెండూ వేరని ఆ ప్రభుదాసు గారొచ్చి సెప్పినాకే నడుముకి ఆపరేషన్ సేసినారు. ప్రతి శుక్రవారం వచ్చీవోరు."

"శుక్రవారం అక్కడ ఆఫీసు సెలవు కదా?"

"అవునండి. అందికే వచ్చీవోరు."

సెలవు రోజు చేసిన పని రిజిస్టరులో పడదు. ఆ రిజిస్టరు నా కళ్ల ముందు మెదిలింది. అందులో శుక్రవారాలన్నీ ఖాళీ.

"మరి ఇక్కణ్నుంచి నువ్వు ఆయన ఆఫీసుకు ఫోన్ చేసేదానివా?" అని దమయంతిని అడిగాను.

"నాను ఆ దేశం ఫోన్ ఎలాగ సేత్తానండి? ఎవరెత్తుతారో, ఏటంటారో. టెక్కలి అక్కకి సేసీదాన్ని. అక్క ఆయనకి సెప్పీది."

"ఎవరమ్మా ఈ టెక్కలి అక్క?"

"సలోమి అక్క. ఆ ప్రభుదాసు గారి ఇంటావిడే గదా!"

మధ్యాహ్నం పనసకాయ కూరతో అన్నం పెట్టారు, చివర్లో గంటి అంబలి, అంటే సజ్జల అంబలి. నేను బయల్దేరేటప్పుడు ధర్మారావు గోడ పట్టుకుని లేచి, ఆటో దాకా నాతో నడిచి వచ్చాడు. వద్దంటే, "నడవగలను గదండీ" అన్నాడు. ఆ నాలుగడుగులూ నాకు చూపించాలనే వచ్చాడని తర్వాత అనిపించింది.

టెక్కలి

సాయంత్రానికి టెక్కలి చేరాను. సలోమి ఇల్లు బాప్టిస్టు చర్చి వెనక సందులో. ముందు గదిలో కుట్టుమిషను, దాని మీద ఫోను, పక్కన ఒక పొడుగాటి నోటుబుక్కు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆవిడ కుర్చీ జరిపింది.

"రాండి, కూకోండి. మంచినీళ్లు తాగండి ముందు." నేను నీళ్లు తాగుతుంటే నోటుబుక్కు తిరగేసి వెనక వైపు నుంచి తెరిచి, పెన్ను పట్టుకుంది. "సెప్పండి. ఏ దేశం? మీ ఆయనా, మీ బాబా?"

ఆ పుస్తకంలో ముందు వైపంతా జాకెట్ల కొలతలు, భుజం, చాతీ, చెయ్యి పొడవు. వెనక వైపు నుంచి మగవాళ్ల పేర్లు, క్యాంపుల పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, ఏమైందో ఒక్కో వాక్యం. రెండూ కలుసుకునే చోట ఇంకా కొన్ని పేజీలు మిగిలి ఉన్నాయి. అలాంటి పుస్తకాలు బీరువా మీద దొంతరగా ఉన్నాయి.

"మా వాళ్లెవరూ లేరు. మిమ్మల్ని చూడాలని వచ్చాను. దమయంతి చెప్పింది" అన్నాను.

"దమయంతి పంపినాదా? అయితే బోయనం సేసే ఎల్లాల" అంది.

బీరకాయ కూర, చారు. నేను చేపలు తిననంటే ఆవిడ చాలా బాధపడి ఒక గుడ్డు వేయించబోయింది, అదీ వద్దన్నాను. కంచాల ముందు కూర్చున్నాక ఆవిడ కళ్లు మూసుకుంది. నేనూ చెయ్యి ఆపాను. "ప్రభువా, ఈ అన్నానికి స్తోత్రం. దూరం నించి మా ఇంటికొచ్చిన ఈ అమ్మగారికి స్తోత్రం. ఏ పని మీద వచ్చినారో ఆ పని సల్లగా అయిపోవాల" అని ప్రార్థన చేసింది.

ఏ పని మీద వచ్చానో ఆవిడకు తెలియదు. ముద్ద కలిపాను గాని నోటి దాకా తీసుకుపోలేకపోయాను.

"సలోమి గారూ, మీవారి పోస్టు తీసేయొచ్చని ఢిల్లీలో ఒక కాగితం రాశారు. మీకు తెలుసు కదా?"

"తెలుసు. ఈయన సెప్పినారు."

"అది రాసింది నేనే."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది. సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. మిషను మీద ఫోను మోగి ఆగిపోయింది.

"మరెందుకొచ్చినారు?" అంది.

"తప్పు రాశానేమో చూసుకుందామని."

ఆవిడ తన కంచం పక్కకు జరిపింది. గొంతులో కోపం లేదని అనను. "ఫోన్లు తక్కువ అని రాసుంటారు. అవునా? ఫోన్లు ఇక్కడికొత్తాయి మేడం. ఈ ఊళ్లోళ్లందరికీ నా నంబరే తెలుసు. నేను పేరూ ఊరూ అన్నీ రాసుకుని ఈయనకి ఒక్కసారి సెప్తాను. అక్కడి రిజిస్టర్లో అవెలాగ పడతాయి? రాసుకోండి, రాసుకోండి అని ఈయనకి ఎన్నిసార్లు సెప్పినానో. మనోళ్ల కట్టం రాసుకోడమేటి అంటారు."

ప్రభుత్వం ఒక్క పోస్టు పెట్టింది. పని చేస్తున్నది ఇద్దరు. ఆ రెండో మనిషి ఏ కాగితంలోనూ లేదు, ఆవిడ చేస్తున్న పనే మొదటి మనిషికి పని లేనట్టు చూపిస్తోంది. ఇన్నేళ్లలో ఇన్ని కుర్చీలు లెక్కపెట్టాను. ఇలాంటిది ఉంటుందని ఒక్కసారీ తోచలేదు.

"ఒక్కటి సెప్తాను మేడం" అంది సలోమి. "ఆ పోస్టు పోతే ఈయన ఇంటికొచ్చేత్తారు. పదకొండేళ్లయింది మేం ఒక్కచోట ఉండి. నాకు మంచిదే. పోతే పోనీ అని నేనే అనుకున్నాను ఒకటి రెండుసార్లు. కానీ ఈ ఫోన్లు ఆగవు గదా. అప్పుడు నేనెవరికి సెప్పాల?"

ఆవిడ గరిటె మళ్లీ తీసుకుంది. "తినండి. సల్లారిపోతంది" అని నా కంచంలో కూర వేసింది. నేను తిన్నాను. ఎవరింట్లోనూ అంత కృతజ్ఞతగా తినలేదు.

భావనపాడు

మర్నాడు పొద్దున సలోమి ఇంటికి తాళం వేసి నాతో బస్సెక్కింది. "మీరు ఇంకొకర్ని సూడాల" అంది. రాత్రంతా ఆలోచించి నిర్ణయించుకున్నట్టుంది.

భావనపాడులో ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. వెండిరేకులు పరిచినట్టు మెరుస్తున్నాయి. సముద్రం నేను అంతకు ముందు మూడుసార్లే చూశాను, మూడుసార్లూ బీచి చూశానే గాని చేపల పని చూడలేదు. వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి, సలోమి మొహం చూసి మానేశాను.

గున్నమ్మ అనే ఆవిడ నెత్తళ్లనే సన్న చేపలు ఏరుతోంది. ఆవిడ కొడుకు పైదేశంలో పనిచేస్తూ నిద్రలోనే పోయాడు. దేహం ఇంటికి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. కాగితాలు అక్కడో సంతకం, ఇక్కడో సంతకం. ఇదంతా సలోమి బస్సులో చెప్పింది.

"గున్నమ్మా, ఈవిడ ఢిల్లీ నించి వచ్చినారు. ప్రభుదాసు గారి గురించి సెప్పు" అంది.

గున్నమ్మ చేతులు ఆపలేదు. ఎండిన చేపల్ని తిరగేస్తూనే చెప్పింది.

"సెప్పడానికేటుంది తల్లీ? పందొమ్మిది రోజులూ ఆ బాబు రోజూ ఫోన్ సేసినాడు. మాపటేళ. సెప్పడానికి ఆయన కాడ ఏటీ ఉండీది కాదు. ఇయ్యాల కూడా అవలేదమ్మా అనీవోడు. తిన్నావా అనీవోడు. నాను ఏడిసీదాన్ని, ఇనీవోడు. ఆయన ఫోన్ రాకపోతే నాను ఆ సముద్రంలోకి ఎల్లిపోదును."

అంతే చెప్పింది. మా ఫారాల్లో 'పరిష్కరించినవి' అని ఒక గడి, 'పెండింగు' అని ఒక గడి ఉంటాయి. ఆ పందొమ్మిది రోజుల్లో ఆయన పరిష్కరించింది ఏమీ లేదు. నేను ఇసుకలో కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక నేనూ చేపలు తిరగేయడం మొదలుపెట్టాను. గున్నమ్మ నా వేళ్ల మీద మచ్చలు చూసి, "జీడి అంటినాదా?" అని అడిగింది.

వెళ్లేటప్పుడు అరకిలో ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టనిదాన్ని, ఆ పొట్లాన్ని నాలుగు కవర్లలో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాను. అయినా రైల్లో విజయనగరం దాటేసరికి బోగీ అంతా తెలిసిపోయింది. ఎదురు బెర్తు పెద్దాయన ముక్కు మూసుకుని గొణిగారు. ఆయన పక్కనున్న ఒడియా ఆవిడ మాత్రం ఏం చేపలని ఉత్సాహంగా అడిగింది. నేను తిననని చెబితే వంట ఎలా చేయాలో చెప్పింది. చివరికి ఢిల్లీలో పక్కింటి బెంగాలీ వాళ్లు వండుకుని, నాకు దండాలు పెట్టారు.

ఢిల్లీకి వచ్చాక

డైరెక్టరు గారికి అంతా చెప్పాను, సలోమి ఇంట్లో భోంచేసిన సంగతితో సహా. ఆయన కోపగించుకున్నారు.

"ఎవరి అన్నం తిన్నారో వాళ్ల ఫైలు మీరెలా చూస్తారు?"

నిజమే. ఫైలు నా దగ్గర నుంచి తీసి ఇంకో అధికారికి ఇచ్చారు. నేను పోస్టు ఉంచమని రాయలేదు. చూసిందే రాసిచ్చాను. రిజిస్టరు ఆఫీసు ఫోన్లనే లెక్కిస్తుంది, సెలవు రోజుల పని అందులో లేదు, ఫోన్లు వేరే ఊళ్లో ఒక ఇంటికి వెళుతున్నాయి అని. రెండు పేజీలు. ఫైలు తీసుకున్న అధికారి కటువైన మనిషి, పోస్టులు కోయడంలో నాకంటే గట్టిది. ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ మూడు నెలలపాటు ప్రతి పనీ, సెలవు రోజువి కూడా, రాసి పంపమని ఆ కార్యాలయానికి రాసింది. లెక్క వచ్చాక తెలుగు దుబాసీ పోస్టు ఉంచేశారు. ఆ ఊళ్ల వాళ్లు నేరుగా ఆయనకు చేసుకునేలా ఒక ఫోను నంబరు కూడా ఇప్పించారు. బదులుగా ఇంకో కార్యాలయంలో ఒక టైపిస్టు పోస్టు పోయింది. అక్కడ ఎవరుండేవారో నాకు తెలియదు. ఇదివరకు తెలుసుకోవాలనిపించేది కాదు. ఇప్పుడు అనిపిస్తోంది.

నన్ను స్టేషనరీ సెక్షనుకు మార్చారు. బాధ లేదు.

మొన్న ఆదివారం సలోమికి ఫోన్ చేశాను. "కొత్త నంబరు అందరికీ సెప్పేసినాను మేడం. ఈవారం సిలుగు ఫోను ఒక్కటీ రాలేదు. నిన్న మధ్యానం పడుకున్నాను! ఎన్నేళ్లయిందో పడుకుని" అని నవ్వింది. ప్రభుదాసుకు సెలవు ఇచ్చారట, డిసెంబరు నుంచి నలభై రోజులు. పండక్కి ఉంటారు.

"అయితే పూర్తిగా తీరికే అన్నమాట" అన్నాను.

"ఎక్కడి తీరిక?" అంది. "గున్నమ్మకి ఆ నంబరు ఇత్తే వద్దంది. రోజూ మాపటేళ నాకే సేత్తంది. ఏటీ లేదు అక్కా, ఊరికే సేసినాను అంటాది. అలాగ అరగంట మాట్లాడతాది." ఆగి, "మీరెలాగున్నారని అడిగింది. మళ్లీ ఎప్పుడొత్తారు?" అంది.